ఇతరములు

ఏజెన్సీ ఫారంలో గళ్ళు నాలుగు:
ఆసుపత్రి, కోర్టు, వలస, ఇతరములు.
ఇతరముల్లో టిక్కు పెట్టి
పక్కన చిన్న అక్షరాలతో నాటకం అని రాశాను.
దుభాషిగా గిల్బర్ట్ ఔ గారిని పంపారు.

మంచివాడు. ఇస్త్రీ చొక్కా. పది నిమిషాల ముందే వచ్చాడు.
ఇరవై రెండేళ్ళుగా ఈ గ్లాస్గోలో
కాంటనీస్ నొప్పులన్నీ ఆయన నోటి మీదుగానే
ఇంగ్లీషు డాక్టర్ల చెవిన పడ్డాయి.
ఎవరి కిడ్నీలో రాయి ఎంతో, ఎవరి బెయిలు ఏ తేదీనో
ఒక్క మిల్లీమీటరు తేడా రానివ్వని మనిషి.

వేదిక మీద మోక్ యూత్-సిమ్.
డెబ్భై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు మగవేషం కట్టి
వీపున నాలుగు జెండాలతో యుద్ధాలు గెలిచిన ఆడమనిషి.
ఏదో దీవిలో, వెదురు రంగస్థలం మీద,
తుఫాను రాత్రి దీపాలు పోయి
రాజు ముందు పద్యం మరిచిపోయిన సంగతి చెబుతున్నారు,
చేతులతో, కనుబొమలతో, ఊరించి ఊరించి.
ఔ గారు శ్రద్ధగా ఇంగ్లీషు చేశారు:
"అప్పుడు నేనొక మరమేకు మింగాను.
ఆ తర్వాత నా పొట్ట పేలిపోయింది."

ముందు వరసలో ఒక రిటైర్డ్ నర్సు లేచి నిలబడింది.
మిగతా నూటపది మందీ ఊపిరి బిగబట్టారు.
మోక్ గారు నవ్వు కోసం ఆగారు.
అర నిమిషం ఆగారు.
తర్వాత తన చేతుల్ని ఒకసారి చూసుకుని
ఒళ్ళో పెట్టేసుకున్నారు,
అమ్ముడుపోని సరుకు సర్దేసినట్టు.

వారం రోజులు ఫోన్లు.
ఒకరు పన్నుల కాగితాల్లో దిట్ట.
ఒకరు పెళ్ళిళ్ళకైతేనే వస్తారట.
ఒక ఏజెన్సీ అమ్మాయి
"మాండరిన్ ఉంది, సర్దుకోరాదూ?" అంది.
అక్కచెల్లెళ్ళే కావచ్చు తల్లీ,
ఒకరి గాజులు ఒకరి చేతికి ఎక్కవు.

శుక్రవారం రాత్రి ఔ గారే ఫోన్ చేశారు.
"నిద్ర పట్టడం లేదండీ. మా అత్తగారిని అడిగాను.
మరమేకు మింగడమంటే నాలుక మడతపడటమట.
పొట్ట పేలడమంటే
లేని మాట అప్పటికప్పుడు పుట్టించడమట.
నా భాషే. నేనా వీధిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు."
ఆగి, ఒక పేరు చెప్పారు:
ఫాంగ్ లై-కియూ. వారమంతా సిటీ బస్సు నడుపుతుంది.
ఆదివారాలు గార్నెట్‌హిల్‌లో, కూరగాయల కొట్టు మేడ మీద,
పాడుకునేవాళ్ళకి తెర పక్కనుంచి మాట అందిస్తుంది.

ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు, ముందు నన్నే అడిగింది:
గురువెవరు? గడ్డం వేషాలా, కుర్ర వీరుడి వేషాలా?
డప్పు ఎవరు పట్టేవారు?
నాకు ఒక్కటీ తెలీదు.
"అయితే పాత వీడియోలు పంపండి. రెండు గంటలు చూస్తాను.
ఆ గంటలకీ కట్టివ్వాలి."
మాట మెత్తన, లెక్క గట్టి.

మళ్ళీ అదే కథ, అదే తుఫాను.
మోక్ గారు లేని చేతిగుడ్డని విసిరారు.
అది గాల్లోంచి దిగేదాకా ఫాంగ్ నోరు విప్పలేదు.
దిగాక అంది:
"నాలుక మడతపడింది. పద్యం గాలికి పోయింది.
ఇక నోటికొచ్చింది కట్టేశాను,
రాజుగారి మీసం మీద పదకొండు పాదాలు,
చీకట్లో డప్పువాడు నన్ను వెతికి పట్టుకునేదాకా!"

కడుపులు చెక్కలయ్యాయి.
మొన్నే పేలవలసినవి. ఆ నర్సుదైతే మరీనూ.
చివరి వరసలో ఔ గారు
నవ్వడం మరిచి నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నారు.

సోమవారం అకౌంట్స్ అలస్డేర్ బిల్లు పట్టుకొచ్చాడు:
"రెండు గంటలు, వీడియోలు చూసినందుకు?
దీన్ని ఏ పద్దులో వెయ్యను?"
చెప్పాను.
ఇంకా సంతకం పెట్టలేదు.